అమీర్‌పేటలో సెమిస్టరు సోమవారం మొదలవుతుంది

సెమిస్టరు అంటే లాటిన్‌లో ఆరు నెలలు అని అర్థమట. మన జేఎన్‌టీయూ భాషలో అయితే టూ-వన్, టూ-టూ, త్రీ-వన్ అని లెక్కపెట్టుకుంటూ పోయే అంకె. యూనివర్సిటీలో కొత్త సెమిస్టరు ఎప్పుడు మొదలవుతుందో అకడమిక్ క్యాలెండర్ చూస్తే గానీ తెలీదు, చూసినా పూర్తిగా నమ్మలేం. కానీ హైదరాబాదులో ఒక పేట ఉంది. అక్కడ సెమిస్టరు సోమవారం మొదలవుతుంది. ఈ సోమవారం కుదరకపోతే వచ్చే సోమవారం. పొద్దున్న ఏడున్నరకి కోర్ జావా, తొమ్మిదింటికి ఒరాకిల్, పదకొండింటికి ఇంకేదో. మొదటి రెండు మూడు రోజులు డెమో, ఫ్రీ. సార్ చెప్పేది నచ్చకపోతే పక్క బిల్డింగులో ఇంకో సార్ ఉంటాడు.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ పేట పేరు నేను చెప్పక్కర్లేదు. అమీర్‌పేట గురించి మనవాళ్ళు రెండు రకాలుగానే మాట్లాడతారు. ఒకటి జోకులు: అక్కడ దొరకని కోర్సు లేదు, అక్కడ తయారవని రెజ్యూమె లేదు అని. రెండోది సెంటిమెంటు: మెస్సులో సాంబారు, హాస్టల్లో నల్లులు, మొదటి జాబు. ఈ రెండూ కాసేపు పక్కనపెట్టి అసలు ఈ చదువు ఇక్కడికెందుకు వచ్చిందో, ఎలా వచ్చిందో చూద్దామని నా ప్రయత్నం. చరిత్ర అనగానే పారిపోకండి, జీవోలూ యుద్ధాలూ తక్కువే.

ముందు ఊరి సంగతి. నిజాం రాజుల కింద పైగా ప్రభువులని పెద్ద జాగీర్దారీ వంశం ఒకటి ఉండేది. వాళ్ళకి అమీర్-ఎ-కబీర్ అనే బిరుదు ఉండేది. అమీర్‌పేట అనే పేరు అందులోంచే వచ్చిందని చెప్తారు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ చుట్టుపక్కల కాలనీలు వెలిశాయి. సంజీవరెడ్డి నగర్, వెంగళరావు నగర్ పేర్లు చూడండి, ముఖ్యమంత్రుల పేర్లే. సనత్‌నగర్ ఫ్యాక్టరీలు దగ్గర. సారథీ స్టూడియో ఇక్కడే. ఉద్యోగస్తులు, రిటైరైనవాళ్ళు, పైన ఒక పోర్షన్ వేసి అద్దెకిచ్చుకునే మధ్యతరగతి ఇళ్ళు. పంజాగుట్ట నుంచి వచ్చినా, బేగంపేట నుంచి వచ్చినా, కూకట్‌పల్లి నుంచి వచ్చినా బస్సు ఇటువైపే రావాలి. ఊళ్ళనుంచి వచ్చే ప్రైవేటు ట్రావెల్స్ బస్సు తెల్లారుజామున దించేదీ ఇక్కడే. దానికితోడు హుడా వాళ్ళు కట్టిన మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు, ఆ తర్వాత ఆదిత్య ట్రేడ్ సెంటర్ లాంటివి. గదులు కావాల్సినన్ని, కిందే జిరాక్స్ షాపులు, నడిచి వెళ్ళేంత దూరంలో హాస్టళ్ళు. ఒక యూనివర్సిటీకి ఇంతకంటే ఏం కావాలి? క్యాంపస్ తప్ప అన్నీ ఉన్నాయి.

నిజానికి హైదరాబాదులో అద్దె గదుల్లో యూనివర్సిటీ మొదలవడం కొత్తేమీ కాదు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడింది. మనం ఫొటోలు దిగే ఆ ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు ప్రారంభమైంది 1939లో. అంటే ఇరవై ఏళ్ళపాటు ఉస్మానియాకి ఇప్పుడున్న ముఖం లేదు. బషీర్‌బాగ్ వైపు తాత్కాలికంగా దొరికిన భవనాల్లో క్లాసులు నడిచాయి. అయితే నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. క్లాసులకంటే ముందే, 1917లో, దారుల్ తర్జుమా అని ఒక అనువాద విభాగం పెట్టారు. గణితం, సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చే పని దానిది. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో ఉన్నత చదువు చెప్పాలన్నది అప్పట్లో మామూలు సాహసం కాదు. ఒక్కటే లోపం. ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. సొంత భాషలో చదువు అనే ఆలోచన గొప్పదే, కానీ అది ఎవరి సొంత భాష అనే దగ్గర వచ్చింది తేడా. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు అప్పుడూ బెంచీ మీదే నిలబడింది.

ఇప్పుడు మళ్ళీ అమీర్‌పేటకి రండి. చదివింది తెలుగు మీడియంలో, ఇంజినీరింగ్ ఇంగ్లీషులో ఎలాగో గట్టెక్కిన కుర్రాడు ఒకడు క్లాసులో కూర్చున్నాడు. సార్ బోర్డు మీద ఒక క్లాసు, దాని కింద రెండు ఆబ్జెక్టులు గీసి, "ఇప్పుడు ఇల్లు ప్లానుందనుకో, ఆ ప్లాను పెట్టుకుని ఎన్ని ఇళ్ళైనా కట్టొచ్చు కదా" అని తెలుగులో చెప్తాడు. నాలుగేళ్ళు "క్లాస్ ఈజ్ ఎ బ్లూప్రింట్" అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడికి అప్పుడు వెలుగుతుంది లైటు. నా వరకు 2018లో, బీటెక్ అయిన రెండు నెలలకి, జరిగింది ఇదే. అనువాద విభాగం ఏదీ లేదు. సార్ నోటితో చేసే అనువాదం, కింద జిరాక్స్ షాపులో అమ్మే చేతిరాత నోట్సు. దారుల్ తర్జుమా కోట్ల మంది తెలుగువాళ్ళకి చెయ్యని పని ఈ జిరాక్స్ షాపు కొంతమందికైనా చేసిందని నాకనిపిస్తుంది. ఎక్కువ చేసి చెప్తున్నానంటారా? అయ్యుండొచ్చు. కానీ ఒకసారి ఆలోచించండి.

సరే, ఉస్మానియా కథలోనే ఇంకో ఘట్టం ఉంది, దాంతో తర్వాత పని పడుతుంది. 1938 చివర్లో హాస్టలు విద్యార్థులు ప్రార్థన సమయంలో వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. మానలేదు. సమ్మె చేశారు. ఫలితం: హాస్టళ్ళలోంచి, కాలేజీల్లోంచి పంపేశారు. ఏడాది మధ్యలో, పెట్టే బేడా పట్టుకుని కొన్ని వందల మంది రోడ్డు మీద. అప్పుడు నాగపూర్ యూనివర్సిటీ ముందుకొచ్చి చాలామందిని చేర్చుకుంది. వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్. అలా నాగపూర్ వెళ్ళి చదువుకున్నవాళ్ళలో పి.వి. నరసింహారావు కూడా ఒకరు.

యాభై ఏళ్ళు దాటాక, 1991లో, ఆయనే ప్రధానమంత్రి. లైసెన్సుల తలుపులు తీసింది ఆ ప్రభుత్వమే. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు మొదలైందీ ఆ ఏడాదే. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. కాలేజీ నుంచి గెంటేయబడిన కుర్రాడి ఏడాది ఎక్కడా వృథా పోలేదన్నమాట. ఇక్కడ నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే: అవతల చేర్చుకోడానికి ఇంకో యూనివర్సిటీ ఉంది కాబట్టి వృథా పోలేదు.

ఇక డిమాండు సంగతికొద్దాం. తొంభైల్లో రెండువేల సంవత్సరం గండం (అదేనండీ, వైటూకే) వచ్చి కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాడికి ఎక్కడలేని గిరాకీ తెచ్చింది. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000 చేసింది, 2001 నుంచి 2003 దాకా 1,95,000 చేసింది. యూనివర్సిటీ సిలబస్ మార్చాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోవాలి. అమీర్‌పేటలో బోర్డు మార్చాలంటే పెయింటరు వస్తే చాలు. తేడా అంతా అక్కడుంది. కోబాల్ పోయి జావా, 2002లో డాట్‌నెట్, ఆపైన టెస్టింగ్ టూల్సు, సాప్, హడూప్, క్లౌడు, డెవాప్స్, డేటా సైన్సు, ఇప్పుడు ఏఐ. ఆ బోర్డుల ఫొటోలు ఏడాదికొకటి తీసి వరసగా పెడితే మన ఇండస్ట్రీ చరిత్ర వేరే రాయక్కర్లేదు. అదే సమయంలో జేఎన్‌టీయూ హైదరాబాదు రెగ్యులేషన్లు చూడండి: ఆర్-05, 07, 09, 13, 16, 18, 22. మరీ నిద్రపోయిందని అనలేం, మార్చారు. కానీ రెగ్యులేషన్ మారిన రోజున చేరినవాడు బయటికొచ్చేది నాలుగేళ్ళ తర్వాత. ఆ నాలుగేళ్ళలో మైత్రీవనం ముందు గోడలు ఎన్నిసార్లు మారతాయో మీకు తెలుసు.

సరఫరా కూడా అలాగే పెరిగింది. 1972లో జేఎన్‌టీయూ పెట్టినప్పుడు అనంతపురం, కాకినాడ, హైదరాబాదు కాలేజీలే దాని ఆధారం. తొంభైల చివరినుంచి ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఇంత పెద్ద వ్యవస్థని ఒక్కరు మొయ్యలేరని 2008లో జేఎన్‌టీయూని నాలుగు ముక్కలు చేశారు. దాదాపు అదే సమయంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. నేను ఈ పథకాన్ని తిట్టే గుంపులో లేను. మా ఊళ్ళో అది లేకపోతే ఇంజినీరింగ్ గుమ్మం తొక్కలేని ఇళ్ళు నాకు తెలుసు. కాకపోతే ప్రభుత్వం కట్టింది సీటు ఫీజు. చదువు చెప్పారా లేదా అని అడిగే ఏర్పాటు బలహీనం. సీటుకీ చదువుకీ మధ్య మిగిలిపోయిన ఖాళీకి ఫీజు రీయింబర్స్‌మెంటు లేదు. దాన్ని అమ్మానాన్న కట్టారు, అమీర్‌పేటలో, నగదుగా.

కొత్త బ్యాచ్ మొదటివారం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకోసం కొంచెం చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో ఆఖరి పరీక్షలైపోతాయి. జూన్ నుంచి దిగుతారు జనం. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం ఆషాఢంలో వస్తుంది, అప్పటికి ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో మంచం దొరకడం కష్టం. త్రీ షేరింగా, ఫోర్ షేరింగా, ఫైవ్ షేరింగా అన్నది మొదటి ప్రశ్న. అడ్వాన్సు ఎంత, వెళ్ళేటప్పుడు ఎంత పట్టుకుంటారు అన్నది రెండోది. ఆదివారం మధ్యాహ్నం చికెనుందా అన్నది మూడోది :) డెమో క్లాసుకి గంట ముందెళ్ళి సీటు పట్టుకోవాలి. వెనకబెంచీ దొరికితే సార్‌ని చూడలేం, మైకులో వినాలి. పక్కన కూర్చున్నవాడు ఒంగోలు కావచ్చు, ఆదిలాబాదు కావచ్చు, ఒడిశా నుంచి వచ్చినవాడూ కావచ్చు. అటెండెన్సు లేదు, డిటెన్షన్ లేదు, ర్యాగింగ్ లేదు, ఫ్రెషర్స్ డే లేదు. కాలేజీలో మనల్ని తరిమి తరిమి క్లాసుకి పంపితే వెళ్ళనివాళ్ళం ఇక్కడ ఎవరూ పిలవకుండానే ఏడున్నరకి ముందు వరసలో ఉంటాం. దీన్ని మా రూమ్మేటొకడు "ఇది సొంత డబ్బు మావా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నా అంచనా కొంచెం వేరే. కాలేజీలో సెమిస్టరు తప్పితే సప్లిమెంటరీ ఉంది. ఇక్కడ తప్పితే ఏముందో ఎవరికీ తెలీదు.

ఇదే పేటలో ఇంకో అకడమిక్ క్యాలెండరు కూడా నడుస్తుంది. ఫాల్, స్ప్రింగ్. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఉన్న జీఆర్ఈ కోచింగులు, ఫారిన్ కన్సల్టెన్సీల క్యాలెండరు అది. 2008లో హైదరాబాదులో అమెరికన్ కాన్సులేటు పెట్టింది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో. 2023లో నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి వెళ్ళేదాకా మన వీసా క్యూలన్నీ అక్కడే. పైగా వాళ్ళ పేరున్న పేటలో కోచింగు, పైగా వాళ్ళ ప్యాలెస్‌లో వీసా. కావాలని చేసినా ఇంత బాగా కుదరదు.

ఆ క్యాలెండరుకి రెండు చేదు తేదీలున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అందులో చాలామంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొంతమంది కాళ్ళకి రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అదైతే అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే వలగా పెట్టిన దొంగ యూనివర్సిటీ. అరెస్టైనవాళ్ళలో అత్యధికులు భారతీయులు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. క్లాసులు లేవని తెలిసీ చేరారని ప్రభుత్వం అంది, మమ్మల్ని వలేసి పట్టారని విద్యార్థులు అన్నారు. ఆ వాదన ఇక్కడ తేల్చను. నన్ను ఆపింది వేరే విషయం. ఫార్మింగ్టన్‌కి పేరుంది, ముద్ర ఉంది, వెబ్‌సైటుంది, అడ్మిషన్ లెటరుంది. క్లాసు లేదు. అమీర్‌పేటకి పేరు లేదు, ముద్ర లేదు, పట్టా లేదు. క్లాసు మాత్రం ఉంది. లోకం దేన్ని యూనివర్సిటీ అని నమ్మింది?

ముద్ర లేకపోవడం ఎంత ఖరీదో 2020 మార్చిలో తెలిసింది. 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు 25, శార్వరి ఉగాది. ఆ రోజు హైదరాబాదు హాస్టళ్ళ యజమానులు చాలామంది ఖాళీ చెయ్యమన్నారు. వండేవాళ్ళు లేరు, సరుకులు రావు, ఎవరికైనా జబ్బొస్తే మామీదికొస్తుంది అని వాళ్ళ భయం. పంజాగుట్ట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి పోలీస్ స్టేషన్ల ముందు వేలమంది పిల్లలు, బ్యాగులతో, ఊరెళ్ళడానికి అనుమతి పత్రాల కోసం. ఇంట్లోంచి బయటికి రావద్దన్న రోజున భుజం భుజం రాసుకుంటూ క్యూలో. పోలీసులు పత్రాలిచ్చారు. బైకుల మీద, కార్లలో బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రా పోలీసులు ఆపేశారు. అటు రానివ్వరు, ఇటు హాస్టలు తాళం. పండగపూట రాత్రి హైవే మీద. చివరికి రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని పరీక్షలు, క్వారంటైన్ షరతుల మీద కొంతమందిని వదిలారు. ఇటు తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళు మూయడానికి వీల్లేదని చెప్పి, కొత్తగా పత్రాలివ్వడం ఆపించింది.

ఒక్క విషయం గుర్తుచేస్తాను. విభజన చట్టం ప్రకారం 2024 జూన్ 2 వరకు హైదరాబాదు రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధాని. అంటే ఆ పిల్లలు చట్టప్రకారం తమ రాజధానిలోంచి తమ రాష్ట్రానికి వెళ్తూ ఆగిపోయారు.

1938లో హాస్టలు నుంచి పంపేసిన విద్యార్థులకి నాగపూర్ యూనివర్సిటీ ఉంది. ఎందుకంటే వాళ్ళు విద్యార్థులని అందరూ ఒప్పుకున్నారు, పంపేసిన నిజాం ప్రభుత్వంతో సహా. 2020లో ఎస్సార్ నగర్ స్టేషను ముందు నిలబడ్డవాడు ఎవరు? కాలేజీ లెక్కలో పాసై వెళ్ళిపోయినవాడు. కంపెనీ లెక్కలో ఇంకా రానివాడు. ప్రభుత్వం లెక్కలో ఏ కాలమ్‌లోనూ లేనివాడు. ఇనిస్టిట్యూటు రసీదు, హాస్టలు రసీదు తప్ప నేను విద్యార్థినని చెప్పుకోడానికి అతని దగ్గర కాయితం లేదు. అతని కోసం పూచీపడే వైస్ ఛాన్సలర్ లేడు. వేలమంది చదివే చోటికి రిజిస్ట్రారు ఉండడు, హాస్టలు వార్డెను ఉండడు, ఒక ఫిర్యాదు పెట్టుకోడానికి గుమ్మం ఉండదు. ఇన్నేళ్ళూ దీన్ని మనం జోకుగా చూశాం.

తర్వాత ఏమైంది? క్లాసులు ఆన్‌లైన్‌కి వెళ్ళాయి. అద్దెలూ మంచాలూ లేకుండా ఊళ్ళోనే కూర్చుని చదివే వీలొచ్చింది, అది మంచిదే. అమీర్‌పేట ఖాళీ అయిపోతుందని అప్పట్లో అందరూ అన్నారు. కాలేదు. బోర్డులు మళ్ళీ మారాయి, సోమవారం బ్యాచులు మళ్ళీ నడుస్తున్నాయి. కాలేజీలో అంతా తెలుసుకునే వస్తే ఆ పేట ఎప్పుడో బట్టల షాపులకి మిగిలేది. అక్కడ మనిషి ఉన్నాడంటే ఇక్కడ ఖాళీ ఉన్నట్టే.

దొంగ ఎక్స్‌పీరియన్సుల సంగతి ఎత్తలేదేం అంటారేమో. ఎత్తుతాను. అది మోసమే, సమర్థించను. కానీ "రెండేళ్ళ అనుభవం ఉన్న ఫ్రెషర్ కావాలి" అని ప్రకటన రాసేది ఎవరు? బీటెక్‌లో శాతం, ఏ కాలేజీ, ఏ సంవత్సరం పాసవుట్ అని ఫిల్టరు పెట్టి, ఒక ఏడాది ఖాళీ కనిపిస్తే రెజ్యూమె పక్కన పడేసేది ఎవరు? మన కంపెనీలే, మనలో కొంతమందే. ఆ ఖాళీ ఏడాదిలో వాడు ఏం చేశాడో అడిగితే నిజం చెప్పేవాడే. అడగరని తెలిసే అబద్ధం కొనుక్కుంటున్నాడు.

నేను ప్రభుత్వానికి సలహాలిచ్చే స్థాయిలో లేను. కాకపోతే ఒక చిన్న రిజిస్ట్రేషను, ఒక గుర్తింపు కార్డు, హాస్టళ్ళకి కనీస నిబంధనలు పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. మన చేతిలో మాత్రం ఒకటుంది. మనలో చాలామందిమి ఇప్పుడు బల్లకి అవతలి వైపు కూర్చుంటున్నాం. ఈసారి ఏదైనా రెజ్యూమెలో పాసైన ఏడాదికీ ఇవాళ్టికీ మధ్య ఖాళీ కనిపిస్తే, ఫిల్టరు నొక్కే ముందు "ఈ మధ్యలో ఎక్కడున్నావ్, ఏం నేర్చుకున్నావ్?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. అమీర్‌పేట అని చెప్తే నవ్వకండి. వాడు సోమవారం పొద్దున్నే, ఎవరూ పిలవకుండా క్లాసుకెళ్ళినవాడు.